మూడత్త ఉమ్మిన రోజు

యిప్ సౌ హింగ్ ముప్ఫై ఏళ్ళుగా చస్తూనే ఉంది. రేవు నీళ్ళలో తేలింది, ఆసుపత్రి మంచం మీద కన్నుమూసింది, రౌడీల తూటాకి అడ్డం పడింది, ఒకసారి కోడిని శుభ్రం చేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూలిపోయింది. టీవీ సీరియల్స్‌లో నర్సు, పనిమనిషి, ఇంటి ఓనరు, శవం, ఇవే ఆమెకు దొరికిన వేషాలు. శవం వేసిన రోజు షూటింగు వాళ్ళు ఎర్ర కవరులో కొంత డబ్బు పెట్టి చేతికిస్తారు. ఇల్లు చేరేలోగా దాన్ని తీపి మీద తగలెయ్యాలి, లేకపోతే ఆ అశుభం మనతోపాటు గుమ్మం దాటుతుంది. హింగ్ ఎప్పుడూ ఆ నియమం తప్పలేదు. చావడం, దారిలో నల్ల నువ్వుల పాయసం తాగడం, బస్సెక్కి ఇంటికి పోవడం.

ఒక్క పని మాత్రం ఆమె చేసేది కాదు. ఫోటోగా మారేది కాదు. శవంగా నేల మీద ఎంతసేపు పడుకోమన్నా పడుకునేది గానీ, చట్రం కట్టిన తన ఫోటో గోడకు తగిలించి, కింద అగరొత్తులు వెలిగించే సీను ఉంటే మాత్రం దణ్ణం పెట్టి తప్పుకునేది. దానికి కారణం ఆమె తల్లి కామ్ ఫుంగ్.

హింగ్ తండ్రి ఓడ మీద వంటవాడు. ఒక ప్రయాణానికి ముందు సరదా పుట్టి, స్టూడియోలో తన ఫోటో పెద్దది చేయించి, నల్ల చట్రం కట్టించి ఇంటికి తెచ్చాడు. ఆ చట్రమే చవగ్గా దొరికిందట. గోడ మీద దాన్ని చూసిన పక్కింటావిడ "అయ్యో, ఎప్పుడు పోయాడు?" అనేసింది. పోయినవాడు అక్కడే స్టూలు మీద కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. అందరూ నవ్వారు. ఆ ఓడ మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచీ బతికున్న మనిషి ఫోటో గోడకెక్కితే కామ్ ఫుంగ్ ఊరుకోదు. చుట్టాల ఇళ్ళలో పెళ్ళి ఫోటోలు కనిపించినా మొహం అటు తిప్పుకుని టీ తాగుతుంది.

ఇలా చచ్చి బతుకుతున్న హింగ్‌కి యాభై దాటాక అదృష్టం కలిసొచ్చింది. "మెట్ల కింది కొట్టు" అనే హాస్య సీరియల్‌లో మూడత్త వేషం దొరికింది. పాత భవనంలో మెట్ల కింద తాళాలు బాగుచేసే కొట్టు, దాని యజమాని, ఇంట్లో మూడోది గనక అందరూ మూడత్త అని పిలిచే ఆయన చెల్లెలు. వచ్చేపోయేవాళ్ళ సంసారాలన్నీ ఆమెకే కావాలి. "నాకెందుకులే, అయినా చెప్తున్నా" అని మొదలెట్టి, అవతలివాడి చొక్కా గుండీ దగ్గర్నుంచి వాడి తాతగారి పెళ్ళి దాకా దులిపి ఆరేస్తుంది. రోజూ సాయంత్రం ఎనిమిదింటికి ఊరు ఊరంతా అన్నం గిన్నెలు పట్టుకుని ఆ తిట్లు వినేది. చేపల మార్కెట్లో, మినీబస్సులో, ఎక్కడ కనిపించినా "మూడత్తా!" అనే పిలిచేవారు. ఇన్నాళ్ళూ ఆమె మొహం అందరికీ తెలుసు గానీ పేరు ఎవరికీ తెలీదు. ఇప్పుడు కూడా అసలు పేరు తెలీదనుకోండి, కనీసం ఏదో ఒక పేరంటూ వచ్చింది.

కామ్ ఫుంగ్ అయితే వాంగ్ తాయ్ సిన్ పేటలో తన చిన్న ఇంట్లో టీవీకి ఎదురుగా కూర్చుని కూతురికి రోజూ తప్పులు పట్టేది. మెచ్చుకోవడం ఆమె ఒంటికి పడదు. "ఆ స్కార్ఫు ఏంటే అలా కట్టావు? పచ్చడి జాడీకి గుడ్డ చుట్టినట్టుంది" అని ఫోన్ చేసి మరీ చెప్పేది.

ఆ ఏడాది చివర్లో టీవీ కంపెనీ అవార్డుల జాబితా వచ్చింది. హాస్య సీరియల్‌లో ఉత్తమ సహాయ నటి, దానికి ఐదుగురు. అందులో హింగ్ పేరుంది. ఆమె క్యాంటీన్‌లో నూడిల్స్ తింటూ ఆ వార్త విని, ఆ గిన్నె అలాగే వదిలేసి మేడ మీదికెక్కి కాసేపు పచార్లు చేసి వచ్చింది. పైకి "ఆ, ఏముందిలే, నా వయసుకి అవార్డులేంటి" అంది. అబద్ధం. ఆమెకు ఆ అవార్డు కావాలి. చంటిపిల్లకి పాలు కావాలన్నంతగా కావాలి. మూడు దశాబ్దాలు వేరేవాళ్ళు వేదిక మెట్లెక్కి ఏడుస్తుంటే కింద కూర్చుని చప్పట్లు కొట్టిన చేతులు అవి.

రెండ్రోజులకి నిర్మాత మాక్ ఆమెను తన గదికి పిలిచాడు.

"రా హింగక్కా, కూచో. టీ చెప్పనా?"

"నన్ను చంపేస్తున్నారా?"

మాక్ తెల్లబోయాడు. "నీకెవరు చెప్పారు?"

"నువ్వు టీ అన్నావుగా. ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా అన్నావా?"

మాక్ నవ్వి, తలుపు దగ్గరగా వేశాడు. "చూడక్కా, రేటింగ్ పడిపోతోంది. కొట్లోంచి ఎవరో ఒకరు పోవాలి. నిన్ను కెనడా పంపించొచ్చు. కూతురి దగ్గరికెళ్ళిందని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. కానీ కెనడా పోయినవాళ్ళకి ఎవరైనా ఓటేస్తారా? అదే చచ్చిపోయావనుకో, జనం గుక్కపట్టి ఏడుస్తారు. రోజూ నవ్వించిన మనిషి కదా. ఆ ఎపిసోడ్ వచ్చిన వారానికే అవార్డులు. లెక్క నువ్వే వేసుకో."

"ఫోటో పెడతారా?"

"ఫోటో లేకుండా చావేంటక్కా? కొట్లో గోడ మీద నీ ఫోటో, కింద అగరొత్తులు, మీ అన్నయ్య వేషం వేసే సేతో దాని ముందు నిలబడి 'నన్నెవరు తిడతారే ఇప్పుడు' అని బోరుమంటాడు. ఆ సీనే అసలు ప్రాణం. నీ షరతు నాకు తెలుసు. అందుకే అడుగుతున్నా. బలవంతం లేదు."

"మా అమ్మ రోజూ చూస్తుంది."

"ఆ ఒక్క సాయంత్రం ఆవిణ్ణి బయటికి తీసుకుపో. ఇంట్లో లేకపోతే ఎలా చూస్తుంది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. హింగ్ రెండు రాత్రులు నిద్రపోలేదు. మినీబస్సులో దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచొచ్చింది. అన్నం వండబోయి ఉత్త నీళ్ళు మరగబెట్టింది. మూడో రోజు పొద్దున్నే మాక్‌కి ఫోన్ చేసి "సరే, పెట్టు" అంది, అతను ఇంకేదో అనేలోగా ఫోన్ పెట్టేసింది.

ఫోటో తీసిన రోజు వాళ్ళు ఆమెకు ముదురాకుపచ్చ కోటు వేసి, కాస్త నవ్వమన్నారు. నవ్వింది. నల్ల చట్రంలో బిగించి తెచ్చి చూపించారు. చాలా బాగా వచ్చింది. తండ్రి ఫోటో కూడా బాగా వచ్చిందని అందరూ అన్నారట. ఎవరో చేతిలో ఎర్ర కవరు పెట్టారు. దాన్ని సంచిలో పడేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుంది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి పాయసం తాగలేదు. తాగలేదన్న సంగతి కూడా ఆమెకు గుర్తు రాలేదు.

ఎపిసోడ్ వచ్చే సాయంత్రం తల్లిని భోజనానికి తీసుకెళ్ళింది. ఎక్కడికి తీసుకెళ్ళాలా అని వారం రోజులు వీధులన్నీ గాలించింది మరి. ఆ ఊళ్ళో టీవీ లేని హోటల్ వెతకడమంటే నీళ్ళు లేని చేపల కొట్టు వెతకడమే. చివరికి శామ్ షుయ్ పో పేటలో, మట్టి చట్టిలో అన్నం పెట్టే సుయ్ అన్న నడిపే హోటల్ దొరికింది. అక్కడ గోడకి ఓ క్యాలెండర్, ఓ ఫ్యాను తప్ప ఏమీ లేవు. వెళ్ళి స్వయంగా చూసుకొచ్చింది కూడా.

"ఇవాళేంటే ఇంత ప్రేమ?" అంది కామ్ ఫుంగ్, కర్ర పొడుచుకుంటూ నడుస్తూ. "సీరియల్ పోతుంది. మూడత్తకి దగ్గొస్తోంది నిన్నట్నుంచీ. ఆ దగ్గు నాకు నచ్చలేదు."

"ఉత్త దగ్గేనమ్మా. చలికాలం కదా."

గుమ్మంలో సుయ్ అన్న చేతులు చాచి ఎదురొచ్చాడు. మొన్న ఆమె వచ్చి గోడలన్నీ కలియజూసి పోయిందని మర్చిపోలేదు పాపం. "మూడత్తా! మొన్న నువ్వొచ్చి గోడలు చూస్తుంటేనే అర్థమైపోయింది నాకు. ఇంత పెద్ద నటి వస్తే మా కొట్లో టీవీ కూడా లేదే అని సిగ్గేసింది. చూడు, నీకోసమే కొన్నా!"

క్యాలెండర్ ఉండాల్సిన చోట తలుపంత టీవీ వెలుగుతోంది. "మెట్ల కింది కొట్టు" పాట మొదలైంది. హోటల్లో జనమంతా మూడత్త వైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

హింగ్ తల్లిని వీపు టీవీకి ఉండేలా కూర్చోబెట్టాలని చూసింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి కుర్చీ తనే లాక్కుని, తిప్పుకుని, ఎదురుగా కూర్చుంది. ఉప్పు చేప వేసిన అన్నం వచ్చింది. ఎవరూ తినలేదు. తెర మీద మూడత్త దగ్గుతూ ఓ కుర్రాడి జుట్టు గురించి తిట్టింది, అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె కుర్చీ ఖాళీగా కనిపించింది. ఆ తర్వాత గోడ, ఫోటో, అగరొత్తుల పొగ. సేతో నోరు తెరిచి ఏడవడం మొదలెట్టాడు. హోటల్లో ఒకావిడ ముక్కు చీదింది.

కామ్ ఫుంగ్ చేతిలోంచి అన్నం తినే పుల్లలు జారి నేల మీద పడ్డాయి. ఆమె కూతురి చెయ్యి పట్టుకుంది, ఉడుంపట్టు.

"ఉమ్ము. ఉమ్మి మళ్ళీ చెప్పు. తూ తూ తూ, చెప్పు!"

నోటి వెంట చావు మాట వస్తే మూడుసార్లు ఉమ్మి ఆ మాట వెనక్కి తీసుకోవడం అక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. హింగ్ పక్కకి వంగి ఉమ్మింది. "తూ, తూ, తూ. నేను బతికే ఉన్నానమ్మా."

"కవరు ఇచ్చారా?"

"ఇచ్చారు."

"పాయసం తాగావా?"

హింగ్ సంచి తెరిచింది. అడుగున, గొడుగు కింద, ఎర్ర కవరు నలిగి ఉంది. దాన్ని చూసి ముసలామె మొహం పాలిపోయింది. సుయ్ అన్న పరుగున పక్క కొట్టుకెళ్ళి ఆ డబ్బుతో హోటల్లో అందరికీ నువ్వుల పాయసం తెచ్చి పోశాడు. అందరూ మూడత్త నూరేళ్ళు బతకాలని తాగారు. కామ్ ఫుంగ్ చెంచా ముట్టలేదు.

"ఇక్కడ ఈ నలుగురి ముందు ఉమ్మితే ఏం లాభమే? ఊరందరూ చూస్తుండగా చచ్చావు. ఊరందరూ చూస్తుండగానే వెనక్కి తీసుకోవాలి." ఆమె గొంతు సన్నగా ఉంది. తిట్టలేదు. అదే భయం వేసింది హింగ్‌కి. అమ్మ తిట్టకుండా ఉన్న రోజు ఆమెకు ఊహ తెలిశాక ఒక్కటే, ఓడ కంపెనీ మనిషి వచ్చిన రోజు.

మర్నాడు సాయంత్రం సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా. ఏంటి?"

"ఏం లేదు." పెట్టేసింది.

ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. సీరియల్ వేళకి తల్లి టీవీ కట్టేసి, అన్నం గిన్నె పక్కన పెట్టి ఫోన్ చేస్తోందని పక్కింటివాళ్ళ ద్వారా తెలిసింది. తిండి సగమైంది. కొట్టు గోడ మీద ఆ ఫోటో ఇక రోజూ ఉంటుంది కదా, ఎలా చూస్తుంది? ఆ "ఉన్నావా" అనే మాట వినడానికి హింగ్ ఏడింటినుంచే ఫోన్ చేతిలో పట్టుకుని కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగేది. ఎప్పుడన్నా అర నిమిషం ఆలస్యమైతే చెప్పులు వేసేసుకునేది.

మూడత్త చచ్చింది. హింగ్‌కి ఇంక ఎపిసోడ్‌లు లేవు. ఊరందరి ముందు నోరు విప్పే చోటు ఒక్కటే మిగిలింది, అవార్డుల వేదిక మెట్లు. గెలిస్తే మైకు ఇస్తారు. అంతకు ముందు హింగ్ కృతజ్ఞతలు చెప్పడానికి పెద్ద జాబితానే బట్టీ పట్టింది, మేకప్ అమ్మాయి నుంచి పెద్ద మేనేజరు దాకా. ఇప్పుడవన్నీ ఎగిరిపోయాయి. మైకు ముందు నిలబడి మూడుసార్లు ఉమ్మి, "అమ్మా, నేను బతికే ఉన్నా" అంటే చాలు. ఇప్పుడు కూడా ఆమెకు ఆ అవార్డు కావాలి. ఇదివరకటికంటే ఎక్కువే కావాలి.

అవార్డుల రోజు కంపెనీ అద్దెకి తెచ్చిన ముదురు నీలం గౌను వేసుకుంది. అది వెనక పిన్నీసులతో నిలబడింది, ఊపిరి గట్టిగా పీలిస్తే ఒక్కొక్కటే ఊడేలా ఉంది. పక్క సీట్లో సేతో. సీరియల్‌లో అన్నయ్య, బయట కూడా అలాగే ఏడిపిస్తాడు.

"ఏంటే, కుర్చీలో ముళ్ళున్నాయా?"

"నోరు ముయ్యి."

"అదిగో, కెమెరా వాడు నీ ముందు మోకాళ్ళేశాడు. ఇంకేంటి, నీదే."

నిజమే, కెమెరా మనిషి ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. హింగ్ గౌను సర్దుకుని నిటారుగా కూర్చుంది. తర్వాత పక్క వరస చూసింది. అక్కడా ఒకడు మోకాళ్ళేశాడు. ఐదుగురి ముందూ ఐదుగురు. వేదిక వెనక పెద్ద తెర ఐదు గడులుగా చీలి, ఐదు మొహాలు కనిపించాయి. మూలన తన మొహం. ఇంటింటా ఇప్పుడు ఇదే కనిపిస్తోంది. వాంగ్ తాయ్ సిన్‌లో అమ్మ ఇవాళైనా టీవీ పెట్టి ఉంటుందో లేదో.

కవరు చించారు. "చోయ్ లోక్ యీ!"

వంటల సీరియల్‌లో చెల్లెలి వేషం వేసిన అమ్మాయి. పాతికేళ్ళు ఉంటాయేమో. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని లేచింది. హాలంతా చప్పట్లు. ఓడిపోయిన నలుగురూ ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. నవ్వాలి, చప్పట్లు కొట్టాలి, కళ్ళు తడి కాకుండా చూసుకోవాలి. ఆ తెర మీద గడులు ఇంకొక్క క్షణం ఉంటాయి, తర్వాత నాలుగూ మాయమైపోతాయి.

హింగ్ చప్పట్లకి చేతులెత్తింది. పోయింది. ముప్ఫై ఏళ్ళ ఆశ అది, కళ్ళ ముందే పోయింది, ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపుకంటే ముందు "ఉన్నావా" అన్న గొంతు గుర్తొచ్చింది. మైకు లేదు. మెట్లు లేవు. మూలన ఆ చిన్న గడి మాత్రం ఇంకా ఉంది.

ఆమె ఎడం పక్కకి వంగి, ఊరు ఊరంతా చూస్తుండగా మూడుసార్లు ఉమ్మింది. తర్వాత కెమెరాలోకి సూటిగా చూస్తూ, పెదాలు పెద్దగా కదుపుతూ, చెవిటివాళ్ళకి చెప్పినట్టు ఒక్కొక్క మాటే చెప్పింది. నేను. బతికే. ఉన్నా.

సేతో చప్పట్లు ఆగిపోయాయి. రెండు వరసల ముందు మాక్ నుదురు పట్టుకున్నాడు. మెట్లెక్కుతున్న అమ్మాయి తెర వైపు చూసి తడబడింది. హింగ్ గౌను వెనకనుంచి పిన్నీసు ఒకటి ఊడి నేల మీద పడింది.

మర్నాడు పొద్దున్నే పేపర్లన్నిటిలోనూ ఆ గడి ఫోటోయే. ఓర్వలేక ఉమ్మిన మూడత్త అని ఒకరు, చచ్చినా బుద్ధి మారలేదని ఇంకొకరు. హింగ్‌కి తలకొట్టేసినట్టయింది. మధ్యాహ్నం మాక్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఏంటిది? పైవాళ్ళు మండిపడుతున్నారు. వచ్చే సీరియల్‌లో బామ్మ వేషం నీకే అనుకున్నాం, అది తీసేశారు."

"ఉమ్మింది ఆ పిల్ల మీద కాదు మాక్."

"మరి ఎవరి మీద?"

"నా ఫోటో మీద."

"అది నాకు అర్థమవుతుందక్కా. పేపరువాళ్ళకి ఎలా చెప్పమంటావు?"

సాయంత్రం ఇంకో ఫోన్. లోక్ యీ. ఆ అమ్మాయి ముందు ఏడ్చి, తర్వాత మాట్లాడింది. "మేడమ్, రాత్రి నాకు చాలా కోపమొచ్చింది. ఇంటికెళ్ళి తిట్టుకుంటుంటే మా బామ్మ నా నెత్తిన ఒక్కటిచ్చింది. 'పిచ్చిదానా, అది వాళ్ళమ్మ కోసం. దాని ఫోటో గోడకెక్కించారుగా' అంది. మీ అమ్మగారు బాగున్నారా?"

"తెలీదమ్మా," అంది హింగ్. నిజంగానే తెలీదు. ఊళ్ళో ముసలివాళ్ళందరికీ అర్థమైనట్టుంది. అర్థం కావాల్సిన ముసలిదానికి అయిందో లేదో. అసలు టీవీ పెట్టిందో లేదో. పొద్దున్నుంచీ అడగాలని ఫోన్ తీయడం, ధైర్యం చాలక పెట్టేయడం.

ఎనిమిదైంది. ఫోన్ మోగలేదు.

హింగ్ కిటికీ దాకా వెళ్ళొచ్చింది. ఫోన్ పనిచేస్తోందో లేదో చూసింది. ఇంకాస్త ఆగింది. మోగలేదు. చెప్పులేసుకుని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి తనే చేసింది. మోగుతూనే ఉంది. ఎవరూ తియ్యలేదు. మళ్ళీ చేసింది. చాలాసేపటికి అవతల ఫోన్ తీసిన చప్పుడు, దాని వెనక ఏదో గోల.

"ఎవరూ?"

"అమ్మా! నేనే. ఇవాళ ఫోన్ చెయ్యలేదేం?"

"ఎందుకు చెయ్యాలే? బతికే ఉన్నానని నిన్న ఊరందరికీ చెప్పావుగా." నోట్లో అన్నం ఉన్నట్టుంది, ముద్దముద్దగా మాట్లాడుతోంది. "పెట్టెయ్, సీరియల్ వస్తోంది. నువ్వు పోయాక చప్పగా అయిపోయింది, అయినా చూస్తున్నా. ఆఁ, ఇంకోటి. ఆ గోడ మీద నీ ఫోటో వంకరగా తగిలించారు. సరిగ్గా పెట్టమని మీ మాక్‌కి చెప్పు."

పెట్టేసింది. హింగ్ చెప్పులతోనే నిలబడి టీవీ పెట్టింది. కొట్లో సేతో ఎవరికో తాళంచెవి అరగదీస్తున్నాడు. అతని వెనక గోడ మీద, ఆకుపచ్చ కోటులో తను నవ్వుతోంది. అమ్మ చెప్పింది నిజమే, ఎడమ పక్కకి బాగా ఒరిగింది.